రాజీనామా అంటే ఉద్యోగం మానేయడమేనా?

పాత సివిల్ దావా కాగితాలు చూసినవాళ్లకి తెలుసు, వాదీ ప్రతివాదీ కలిసి రాజీనామా దాఖలు చేసుకున్నారు కాబట్టి దావా ముగిసింది అని ఉంటుంది. ఇప్పుడేమో రాజీనామా అంటే మంత్రిగారు పదవి వదిలేయడమే. రెండూ ఒకే మాట ఎలా అయ్యాయో ఎవరైనా చెప్తారా?

↳ రాజీ అరబ్బీ, ఇష్టపడినవాడు అని. నామా ఫార్సీ, కాగితం. ఇద్దరూ ఇష్టపడి రాసుకున్న కాగితం, అంతే. బొంబాయి వైపు రైతు భూమి వదులుకుంటూ సర్కారుకి రాసిచ్చేదాన్ని కూడా రాజీనామా అనేవాళ్లు, ఇప్పటి అర్థానికి అది దగ్గర.

↳ నాకు నచ్చనిది ఏంటంటే 'రాజీ పడ్డాడు' అంటే లొంగిపోయాడు అనే వాసన. షరియా పద్ధతిలో ఇలాంటి ఒప్పందానికి పేరు సుల్హ్, అందులో ఆ వాసన లేదు. ఇస్లాం ధర్మశాస్త్రంలో హనఫీ, షాఫీ లాంటి శాఖలున్నాయి, హనఫీలో పెద్ద పుస్తకం హిదాయా, రాసిన మర్గీనానీది మధ్య ఆసియాలో ఫెర్గానా లోయలోని మర్గిలాన్, 1197లో పోయాడు, అక్కడి బుఖారా ఖీవా కోకంద్ రాజ్యాల ఖాజీలు, అంటే షరియా జడ్జీలు, తిరగేసింది అదే, 1791లో హామిల్టన్ ఇంగ్లీషులోకి తెచ్చాక ఇక్కడ కంపెనీ కోర్టులకీ పనికొచ్చింది. అందులో సుల్హ్ మూడు రకాలు, బాకీ ఒప్పుకుని చేసుకునేది, నోరు విప్పకుండా చేసుకునేది, అసలు బాకీయే లేదంటూ చేసుకునేది. మూడోది షాఫీ పద్ధతిలో చెల్లదు, హనఫీలో చెల్లుతుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

↳ బాకీ లేదన్నవాడు డబ్బెందుకిస్తాడండీ, విడ్డూరం కాకపోతే

↳ ప్రమాణం తప్పించుకోడానికి సార్. వాదికి సాక్షులు లేకపోతే ఖాజీ ప్రతివాదిని దేవుడి మీద ప్రమాణం చెయ్యమంటాడు. నిజం తనవైపే ఉన్నా నలుగురిలో ప్రమాణం చెయ్యడం ఎంతమందికి ఇష్టం? అందుకని ఇదిగో ఇంత తీసుకో, గొడవ ఆపెయ్ అంటాడు. హిదాయా దీన్ని భలే విడదీసింది, ఇచ్చినవాడి లెక్కలో అది ప్రమాణానికీ తగాదాకీ విడుదల ఖర్చు, పుచ్చుకున్నవాడి లెక్కలో తన హక్కుకి బదులు సొమ్ము. ఒకే డబ్బు, రెండు పేర్లు, ఎవరూ అబద్ధమాడినట్టు కాదు. ఇక దావా లేదని వాది చెప్పాక ఖాజీ ముద్ర పడుతుంది.

↳ మధ్యలో మాట్లాడేది ఎవరు? మన పెద్దమనుషుల్లాంటి వాళ్లేనా

↳ వాళ్లే. మధ్య ఆసియాలో అక్సకాల్ అంటారు, తుర్కీలో తెల్ల గడ్డం అని. ఇది కాక ముఫ్తీ, అంటే ధర్మశాస్త్ర పండితుడి దగ్గర రివాయత్ రాయించుకుని, అంటే పుస్తకాల ఆధారంతో అభిప్రాయం, ఖాజీ ముందు పెట్టేవాళ్లు కూడా. అంతా ముచ్చటగా నడిచిందని నేననను, ఆసామి ముందు కౌలుదారు ఎంతని బిగుసుకు కూర్చుంటాడు, ఊ అనక. 1865లో అక్కడి తాష్కెంట్ పట్టుకున్న రష్యావాళ్లు ఖాజీలని తీసెయ్యలేదు, ఎన్నికలు పెట్టారు, దాంతో ఖాజీ పదవికీ ఓట్ల బేరాలు మొదలు. పూర్తిగా మూసేసింది సోవియట్లు, 1920ల చివర్లో.

↳ మరి ముచ్చలిక? మా తాతగారి కౌలు కాగితాల మీద అదే ఉంది. అదీ అరబ్బీయేనా

↳ కాదన్నా, అది మంగోల్ తుర్కీ వైపు మాట, ఇరాన్ ఏలిన మంగోలుల కాలంలో అధికారులు ఫలానా పని చేస్తానని రాసిచ్చే పూచీ కాగితం. ఫార్సీ మీదుగా ఇక్కడికొచ్చి కౌలుదారు రాసిచ్చే కాగితమైంది. తాతగారిది ఫోటో తీసి పెట్టు, మనుషుల పేర్లు మాత్రం చెరిపేసి.