సమానత్వం అనే ఆలోచన నిజంగా ఎవరి వల్ల పెరిగింది? హైతీ చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా ఊరి లైబ్రరీలో టెన్త్ పిల్లలకు సమానత్వం గురించి ఓ గంట మాట్లాడాలి, ఒకచోట ఆగిపోయాను. మనుషులంతా పుట్టుకతోనే సమాన హక్కులున్నవాళ్లని 1789లో ఫ్రాన్స్ ప్రకటించింది, బాగానే ఉంది, కానీ అప్పటికి దాని చేతిలోనే ఉన్న కరీబియన్ వలస ప్రాంతం హైతీలో లక్షలమంది బానిసలు చెరకు తోటల్లో చాకిరీ చేస్తూ చచ్చిపోతున్నారు. 1791లో వాళ్లే తిరగబడ్డారు. 1794లో ఫ్రాన్స్ బానిసత్వాన్ని రద్దు చేసింది, 1802లో నెపోలియన్ మళ్లీ తెచ్చాడు, 1804లో హైతీ స్వతంత్రమైంది. అంతటితో వదిలేశారా అంటే లేదు, 1825లో యుద్ధనౌకలు పంపి మరీ, పాత యజమానులకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నారు. ఎంత అన్యాయం!

నా డౌట్ ఏంటంటే, ఆ ప్రకటన చూసి వీళ్లు లేచారా, లేక వీళ్లు లేచాకే దానికి అసలు అర్థం వచ్చిందా? నాకు రెండోదే నిజమనిపిస్తోంది. ఆ బానిసల్లో చాలామంది ఆఫ్రికాలో పుట్టినవాళ్లు కదా, మనుషులంతా ఒకటే అన్న ఆలోచన వాళ్లకు సొంతంగా ఉండదా? దీని మీద తెలుగులో పుస్తకం గానీ మంచి వ్యాసం గానీ ఉంటే దయచేసి చెప్పండి, పిల్లలకు ఒకవైపు కథే చెప్పడం నాకు ఇష్టం లేదు.