అలాస్కా వానలో మూస్ వేట: మాంసం చెడకుండా ఎలా కాపాడాలి?

ప్రశ్న: అలాస్కా నగరమైన యాంకరేజ్‌లో స్థిరపడిన మేము, భార్యాభర్తలం, సెప్టెంబరులో చిన్న విమానంలో మారుమూల అడవికి వెళ్లి, జింక జాతిలో అతిపెద్దదైన మూస్‌ను వేటాడదలచాము. ఎడతెగని వానలో మాంసాన్ని ఎలా కాపాడాలి?

సమాధానం: పెద్ద మగ మూస్ నుంచి సుమారు 225 కిలోల మాంసం వస్తుంది, మెడ, పక్కటెముకల మాంసంతో సహా తినదగినదంతా తీసుకురావాలని అక్కడి చట్టం చెబుతోంది కనుక, మోసేది ఇద్దరే అయినప్పుడు శిబిరానికి దూరంగా కనిపించిన జంతువును వదిలేయడమే వివేకం. చర్మాన్ని వెంటనే ఒలిచి, మాంసాన్ని గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేలాడదీసి, పైన టార్పాలిన్‌ను పక్కలు తెరిచి కట్టండి. ప్లాస్టిక్ సంచులు వద్దు, అవి వేడిని బంధిస్తాయి.

మరొక సమాధానం: చిన్న విమానంలో దిగిన రోజున వేటాడరాదు, మరునాడు తెల్లవారుజామున 3 గంటల తరువాతే అనుమతి ఉంటుంది.

ఇంకొకరు: మాంసం సరే, మరి మీ సంగతి? తడిసిన నూలు బట్టలు ఒంటి వేడిని లాగేస్తాయి. ఉన్నివి ధరించి, ఒక పొడి జతను నిద్రకే దాచుకోండి. వాతావరణం అనుకూలించకపోతే విమానం ఆలస్యం కావచ్చు, తిండి అదనంగా ఉంచుకోండి.