అప్‌డేట్: పెరట్లో వేసిన మిరప రకాలు, నల్లగొండ

నల్లగొండలో మా ఇంటి వెనుక ఉన్న కొద్దిపాటి ఎర్రమట్టి జాగాలో, రోజువారీ కూరలకు పచ్చిమిర్చి, ఏటా పెట్టుకునే పండుమిరప తొక్కుకు కాయలు రెండూ రావాలంటే ఏ రకాలు వేయాలని వానాకాలానికి ముందు అడిగాను. జ్వాల, తేజ, చపాట రకాలను సూచించిన వారందరికీ కృతజ్ఞతలు.

మా అవసరానికి చపాటయే అన్నింటికంటే బాగా సరిపోయింది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వరంగల్ మిరపలో రంగు ఎక్కువ, కారం తక్కువ కాబట్టి, పండిన కాయలను ఉప్పు, చింతపండుతో కలిపి రోట్లో నూరితే తొక్కు చిక్కటి ఎరుపుతో వచ్చింది, పిల్లలు కూడా ఇష్టంగా తిన్నారు. తేజ ఘాటుకు చిన్న కుటుంబానికి ఒక్క మొక్క చాలు. జ్వాల కాయలను పచ్చిగానే కోస్తూ ఉంటే పూత కొనసాగుతుంది.

ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు (త్రిప్స్), కిందికి ముడుచుకుంటే నల్లి (మైట్స్) ఆశించినట్టు అని మీలో ఒకరు చెప్పిన గుర్తు ఎంతో ఉపయోగపడింది. తేజ చిగుళ్లు పైకి దోనెల్లా ముడుచుకోగానే, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం వేళ ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేశాను. తరువాత వచ్చిన చిగురు ఆరోగ్యంగా ఉంది.

మిరపలో పరపరాగ సంపర్కం, అంటే ఒక మొక్క పుప్పొడి మరో మొక్క పూలకు చేరడం, జరుగుతుంది కనుక, పక్కపక్కన పెరిగిన రకాల విత్తనం కలిసిపోయే అవకాశముంది. అందుకే విత్తనానికి ఉంచదలచిన చపాట కొమ్మకు మొగ్గ దశలోనే పలుచటి గుడ్డసంచి కట్టి, పిందె పడ్డాక తీసేశాను.