అప్‌డేట్: చీకటిగా, భవిష్యత్తులోంచి వచ్చినట్టుండే హిప్ హాప్ ఆల్బమ్‌లు అడిగాను కదా, విన్నాను

పోయిన నెల ఇక్కడ అడిగాను: పెద్దగా పేరు బయటికి రాని, చీకటి నిండిన, సైన్స్ ఫిక్షన్‌లా అనిపించే అండర్‌గ్రౌండ్ ర్యాప్ ఏదైనా చెప్పండని. మీరు చెప్పినవాటిలో మూడు పూర్తిగా విన్నాను.

క్యానిబల్ ఆక్స్ అనే జోడీ ఆల్బమ్ 'ది కోల్డ్ వీన్' (2001) దగ్గరే ఆగిపోయాను. వాస్ట్ ఎయిర్, వోర్డుల్ మెగా ఇద్దరి ర్యాప్, మ్యూజిక్ అంతా ఎల్-పీది. సింథ్ మోత ఎక్కడో పాత మెషిన్ నడుస్తున్నట్టు ఉంటుంది, కింద డ్రమ్స్ బరువుగా పడతాయి. రాత్రి దీపాలార్పి హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. 'పిజియన్' పాటలో న్యూయార్క్ పేద జనాన్ని పావురాలతో పోల్చిన తీరుకి గొంతు పట్టేసింది. అంతరిక్షం అనుకుని వెళ్తే, కనిపించింది చలికాలపు వీధి. ఆ రాత్రే మళ్ళీ మొదటినుంచి పెట్టాను.

'డెల్ట్రాన్ 3030' (2000) బాగుంది. 3030వ సంవత్సరంలో నడిచే కథ, డ్యాన్ ది ఆటోమేటర్ బీట్లు గొప్పగా ఉన్నాయి. కానీ నేను వెతికిన చీకటి అందులో తక్కువ.

క్లిప్పింగ్ వాళ్ళ 'స్ప్లెండర్ అండ్ మిజరీ' (2016) మాత్రం తప్పకుండా వినండి. తిరుగుబాటు తర్వాత అంతరిక్ష నౌకలో ఒక్కడే మిగిలిన బానిస, అతన్ని ప్రేమించే ఆ నౌక కంప్యూటర్. ఇది సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డుకి నామినేట్ కూడా అయింది.

చెప్పినవాళ్ళందరికీ చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు ఎల్-పీ పాత గ్రూప్ కంపెనీ ఫ్లో ఆల్బమ్ 'ఫన్‌క్రషర్ ప్లస్' మొదలుపెడుతున్నాను.