పార్టీ అయ్యేదాకా చీజ్ డిప్ గట్టిపడకుండా ఉండాలంటే ఎలా?

వచ్చే శనివారం ఇంటికి పాతికమంది దాకా వస్తున్నారు. వేడి చీజ్ డిప్ పెట్టాలని నాకు చాలా కోరికగా ఉంది. స్టవ్ మీద ఉన్నంతసేపూ చక్కగా జారుతుంది. టేబుల్ మీదికి రాగానే పైన పొర కట్టి, కాసేపటికి చెంచా నిలబడేంత గట్టిపడి, అంచుల్లో నూనె తేలుతుంది.

వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, చిక్కబడ్డాక మంట ఆపి, చెడ్డార్ చీజ్ తురుము కొద్దికొద్దిగా కలుపుతాను. ప్యాకెట్ తురుము వాడను. అంటుకోకుండా అందులో పిండి కలుపుతారు కదా, సాఫీగా కరగదు. బాగా మగ్గిన చెడ్డార్ రుచే వేరు, కానీ త్వరగా విరుగుతుంది. సగం లేత చీజ్ కలిపితే నయమా? సోడియం సిట్రేట్ అనే లవణం వేస్తే నూనె విడిపోదు, సరే. రుచి చెడకుండా అరకిలో చీజ్‌కి ఎంత వేస్తారు?

స్లో కుక్కర్‌లో 60 డిగ్రీల పైన ఉంచితే అడుగంటుతుందా? మధ్యలో పలచన చేయడానికి వేడి పాలు చాలా, క్రీమ్ కావాలా?

ఇంకొకటి, వచ్చేవాళ్లలో శాకాహారులున్నారు. జంతువుల రెన్నెట్ (పాలు గడ్డకట్టించడానికి దూడ కడుపులోంచి తీసే పదార్థం) లేని చీజ్‌లలో ఏ రకం బాగా కరుగుతుంది? ఎక్కువమందికి చేసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి కొలతలతో సహా చెప్పండి.