యాడ్ అయ్యాక బాణం కీలు గేమ్‌కి అందడం లేదు, పేజీ జారిపోతోంది

బ్రౌజర్‌లో ఆడే ఉచిత ప్లాట్‌ఫామ్ గేమ్. రెండు లెవెళ్లకోసారి యాడ్ వస్తుంది, ఉచితం కాబట్టి దానితో పేచీ లేదు. అది మూసుకున్నాక కింది బాణం నొక్కితే బొమ్మ వంగదు, పేజీ కిందికి జారుతుంది. స్పేస్ నొక్కితే మరీ ఘోరం, గేమ్ మొత్తం తెర దాటి పైకి పోతుంది. ఈలోగా బొమ్మ గోతిలో! గేమ్ మీద క్లిక్ చేస్తే కీలు పనిచేస్తాయి కానీ, ఇందులో క్లిక్ అంటే బాంబు విసరడం. లెవెల్‌కి ఉన్నవే మూడు.

క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింట్లోనూ ఇంతే. క్యాష్ క్లియర్ చేశాను, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపాను. ఫుల్‌స్క్రీన్‌లో పేజీ జారదు కానీ, పాజ్ కోసం ఎస్కేప్ నొక్కగానే ఫుల్‌స్క్రీనే పోతుంది.

క్లిక్ చేయకుండా కీబోర్డ్ ఫోకస్‌ని మళ్లీ గేమ్‌లోకి తెచ్చే దారి ఏదైనా ఉందా?