గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం: ఏ ఆటల కోసం కట్టారు? ఫ్లోర్ ఎలా మారుస్తారు?

షటిల్_శీను:
ఆఫ్రో-ఆసియా క్రీడల కోసం కట్టారని కొందరు, నేషనల్ గేమ్స్‌కి అని కొందరు అంటున్నారు. ఏది నిజం? బ్యాడ్మింటన్, కబడ్డీ, వాలీబాల్ అన్నీ అదే హాల్లో అంటే ప్రతిసారీ ఫ్లోర్ పీకి వేస్తారా?

పాత_గ్యాలరీ:
నేషనల్ గేమ్సే. 2002 డిసెంబర్‌లో మన దగ్గర జరిగాయి కదా, గచ్చిబౌలి కాంప్లెక్స్ వాటికోసమే లేచింది. ఆఫ్రో-ఆసియా క్రీడలు 2003 అక్టోబర్‌లో వచ్చాయి, అందుకే ఈ గందరగోళం. పక్కనున్న అథ్లెటిక్స్ స్టేడియానిదే బాలయోగి పేరు, రెంటినీ కలిపేయకండి. ఇండోర్‌కి అసలు గుర్తింపు 2009 ఆగస్టు ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్‌తో వచ్చింది. చైనా ఆటగాడు లిన్ డాన్ పురుషుల సింగిల్స్ గెలిచింది ఇక్కడే. 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదటి సీజన్ కొచ్చి నుంచి ఇక్కడికి మారింది. కోవిడ్ వల్ల ప్రేక్షకుల్లేకుండా ఆడించారు.

మ్యాట్‌మాస్టర్:
ఫ్లోర్ పీకరు. ఇలాంటి హాళ్లలో అడుగు ఫ్లోర్ అలాగే ఉంటుంది, పైన పరిచేది మారుతుంది. బ్యాడ్మింటన్‌కి సింథటిక్ మ్యాట్ రోల్స్ పరుస్తారు. కోర్టు 13.40 x 6.10 మీటర్లు. పరిచే ముందు దుమ్ము పూర్తిగా తుడవాలి, లేకపోతే మ్యాట్ జారుతుంది. జాయింట్ల దగ్గర అంచు లేస్తే కాలు తట్టుకుని చీలమండ పోతుంది. కబడ్డీకి ఒకదాన్లో ఒకటి ఇమిడే మ్యాట్ ముక్కలు. పురుషుల కోర్టు 13 x 10 మీటర్లు, అంటే మీటరు x మీటరు ముక్కలైతే లోపలికే 130, చుట్టూ అదనం. వాలీబాల్‌కి మాత్రం స్తంభాలు పెద్ద తలనొప్పి. తాళ్లతో కట్టకూడదు, గట్టిగా నిలబడాలి. అందుకే స్తంభాలు దిగబడే సాకెట్లు ఫ్లోర్‌లో ముందే దించుకోవాలి.

షటిల్_శీను:
మరి ఏసీ గాలికి షటిల్ పక్కకి పోదా?

మ్యాట్‌మాస్టర్:
పోతుంది. ఒక ఎండ్‌లో అవుట్ పడే షాట్ రెండో ఎండ్‌లో నెట్ దాటాక కూలుతుంది. ఏసీ డక్టుల నోళ్లు కోర్టు మీదికి లేకుండా తిప్పాలి, ఆట మధ్యలో తలుపులు తెరవనివ్వకూడదు. షటిల్ స్పీడు ఏసీ వేశాక, హాలు చల్లబడ్డాకే చూడండి. వెనక గీత దగ్గర నుంచి చేయి కింది నుంచి పైకి ఊపి ఫుల్ స్ట్రోక్ కొడితే అవతలి వెనక గీతకి 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది కాబట్టి చెన్నైలో సరిపోయిన స్పీడు నంబరు (షటిల్ డబ్బా మీద ఉంటుంది, నంబరు తగ్గితే షటిల్ నెమ్మది) ఇక్కడ వేగంగా పోతుంది. ఒక నంబరు తక్కువది తెచ్చుకోండి.